పక్కసీటు వాసన

రెండే సీట్లున్న ఆ స్పోర్ట్స్ కారు రేడియేటరుకి పంపు తగిలించి, ఎక్కడ కారుతోందో తెలియడానికి గాలి కొట్టి, పక్కసీటు ముందున్న కార్పెట్టు ఎత్తాడు మెకానిక్కు. కారు తెచ్చిన అక్క మొగుడు వెనకే నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

“చెయ్యి పెట్టి చూడు బావా.”

“జిగటగా ఉందేంట్రా?”

“కూలెంటు, ఇంజన్ని చల్లబరిచే ద్రవం. డాష్‌బోర్డు వెనక హీటరుకి చిల్లుపడి ఇక్కడికి కారుతోంది. ఆ తియ్యటి వాసన దీనిదే.”

“కొనడానికొచ్చినవాడు ఇలా కూర్చున్నాడో లేదో, వాసనన్నాడు. బేరం చెడుతుందని నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను.”

“ఇదే సీట్లో కూర్చుని అక్క ఏళ్లతరబడి మొత్తుకుంది.”

“నాకు రాలేదురా, ఏం చెయ్యను?”

“నీ ముక్కెప్పుడూ దిబ్బడేగా! అద్దం దించుకుంటే వేషాలన్నావు. లేనిపోని వాసనలొస్తున్నాయంటోందని పిచ్చి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లావు. చుట్టాలందరికీ చెప్పావు.”

“నువ్వు మాత్రం నా మాట నమ్మలేదూ? ఒక్కసారైనా బానెట్టు ఎత్తావా?”

మెకానిక్కు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా జిగట వదల్లేదు.

“ఎత్తలేదు. నీ మాటే పట్టుకుని అక్కనే సర్దుకుపొమ్మన్నాను.”

“సర్లే, అయిందేదో అయింది. ఎన్నాళ్లని మీ ఇంట్లో ఉంటుంది? ఇది బాగుచేసి మీ అక్కకి ఫోన్ చెయ్యి. వాసన పోయింది, ఇక వచ్చెయ్యమను.”

“ఫోన్ ఇప్పుడే చేస్తాను. కానీ వాసన పోయిందని చెప్పను బావా, నిజంగానే ఉండేదని చెప్తాను.”