లైనుకో ఊఁ

ప్రెస్సు మేడ మీద ప్రూఫు గది. మందు సీసాలతో పాటు డబ్బాలో పెట్టే కాగితాలు ఇక్కడే సరిచూస్తారు. అక్క మూలప్రతి పైకి చదువుతుంది. బల్లకి అవతలపక్క తమ్ముడు ప్రూఫులో ఆ లైను చూసుకుని "ఊఁ" అంటాడు. ఆ ఊఁ పడనిదే అక్క తర్వాతి లైనుకి పోదు. ఎన్నో ఏళ్లుగా ఇద్దరి అన్నమూ ఆ ఊఁ మీదే.

"ఫోను ఇలా ఇయ్యి."

"జేబులో లేదక్కా."

"ఎక్కడుంది మరి?"

"సంచిలో."

"సంచి ఎక్కడుంది?"

"కాళ్ల దగ్గర."

"తియ్యి. సొరుగులో పడేసి తాళం వేస్తా. తాళంచెవి నా దగ్గరుంటుంది."

"మరీ చిన్నపిల్లాణ్ణి చేస్తున్నావ్ నన్ను."

"చిన్నపిల్లాడి ఊసెత్తకు. ఉన్నాడుగా ఒకడు, ఆసుపత్రిలో."

"కళ్లు తెరిచాడా?"

"పొద్దున తెరిచాడట. తల్లిని గుర్తుపట్టాడట. మంచినీళ్లు అడిగాడట. ఓనరు చెప్పాడు."

"అమ్మయ్య."

"అమ్మయ్యా? సిగ్గులేదట్రా అనడానికి? పెద్దవాళ్ల మోతాదు పిల్లల వరసలో అచ్చయింది. పిల్లలది పెద్దవాళ్ల వరసలో. నేను సరిగ్గానే చదివా. నువ్వు ఊఁ అన్నావ్. రెంటికీ ఊఁ అన్నావ్!"

"అన్నాను."

"చూసే అన్నావా?"

"చూశానక్కా. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. నేనే లేనక్కడ."

"ఎక్కడున్నావ్?"

"నవ్వనంటే చెప్తా."

"నవ్వే మొహంలా ఉందా నాది?"

"ఎవడో పుచ్చకాయ కోస్తున్న వీడియో. దాని కింద ఇద్దరు తిట్టుకుంటున్నారు. ఎవడిది పైచెయ్యో తేలకముందే నువ్వు పనికి పిలిచావ్. నువ్వు చదువుతున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. ఎవడు నెగ్గుంటాడు, ఎవడు నెగ్గుంటాడు..."

"ఓరి నీ పుచ్చకాయ మండిపోను! ఒక పసివాడి ప్రాణంరా!"

"తిట్టక్కా. నోరారా తిట్టు. రెండు చెంపలూ వాయించు. నాకు అదే నయం."

"ఎప్పట్నుంచిలా?"

"తెలీదు. ఒకరోజున వచ్చింది కాదు. నీకు గుర్తుందా, చిన్నప్పుడు నేను పుస్తకం పట్టుకుంటే అమ్మ అన్నానికి పిలిచి పిలిచి..."

"నెత్తిన మొట్టికాయ పడితే గానీ ఈ లోకంలోకి వచ్చేవాడివి కాదు. గుర్తులేకేం."

"ఇప్పుడు రెండే లైన్లు. మూడో లైనుకి చెయ్యి జేబులోకి పోతుంది. ఫోను అక్కడ లేకపోయినా పోతుంది. తొడ మీద గుర్రుమన్నట్టు ఉంటుంది. చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ మొదటి లైను. మళ్లీ చెయ్యి."

"పారెయ్ దాన్ని. పీడా పోతుంది."

"పారేశా. నిజంగానే చెత్తబుట్టలో పారేశా. కాసేపటికి బుట్టంతా తిరగేసి మళ్లీ తీసుకున్నా. నీ మరదలు చూసింది. చేతులు కడుక్కో అంది, అంతే."

"డాక్టరుకి చూపించుకోవాల్సింది."

"ఏమని? పుస్తకం చదవలేకపోతున్నానండీ అనా? మొన్న బుజ్జిదానికి కథ చదివా. పేజీలు తిప్పా, అయిపోయింది పడుకో అన్నా. 'నాన్నా, ఎలుగుబంటి ఆ గొడుగు ఎవరికిచ్చింది?' అంది. అసలా కథలో ఎలుగుబంటి ఉన్నట్టే నాకు తెలీదక్కా! నా నోటితోనే చదివా. దాని పక్కనే కూర్చుని చదివా."

"సరేలే. ఊరుకో."

"బుజ్జిది ఏమందో తెలుసా? 'పోన్లే నాన్నా, రేపు నేనే చదువుకుంటా' అంది. ఓదార్చిందక్కా నన్ను."

"ఊరుకోమంటుంటే."

"భయమేస్తోంది. ఎవరితోనైనా చెబితే, ఫోను తగ్గించు అంటారు. తగ్గించేవాడేడీ? వాడే కదా పోయింది! ఏ ఆలోచనా చివరిదాకా రావట్లేదు. సగంలో ఏదో ఒకటి అడ్డం పడుతుంది. ఆసుపత్రిలో ఆ పిల్లాడి గురించి కుదురుగా ఏడుద్దామన్నా కుదరట్లేదు. ఏడుస్తూ ఏడుస్తూ ఫోను తీశానక్కా. నేను మనిషినేనా?"

"మనిషివే. నా తమ్ముడివి. ముక్కు తుడుచుకో."

"ఓనరు ఏమన్నాడు?"

"తీసేస్తానన్నాడు. నేను అడ్డం పడ్డా. మావాడు పట్టుకున్నన్ని తప్పులు ఈ ప్రెస్సులో ఎవరు పట్టుకున్నారు, ఈ ఒక్క కాగితం చూడనివ్వండి అన్నా. ఇందులో ఏమన్నా దొర్లితే ఇద్దరం ఇంటికే."

"ఇద్దరమా? నువ్వెందుకు? నువ్వు సరిగ్గానే చదివావుగా."

"పూచీ పడ్డది నేను కనక. అవతల ఇంకో పిల్లాడు ఆసుపత్రికి పోతాడు, అదీ సంగతి. ఆ దీపం ఇటు జరుపు."

"నీ మొహం మీదే ఉందిగా."

"ఇంకాస్త జరుపు."

"కాగితం ముక్కుకి ఆనిస్తున్నావేంటి?"

"ఈ బల్బు వెలగదు, చావదు. అది కాదు గానీ తమ్ముడూ, నీకో మాట చెప్పాలి. అందుకే ఇవాళ పెందలాడే రమ్మన్నా."

"ఓనరు మాటేగా? తర్వాత చెబుదువుగానిలే."

"ఓనరుది కాదు. నాది. నిన్న నేను..."

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఇప్పుడు కాస్త కుదురుగా ఉంది మనసు. మళ్లీ ఉంటుందో ఉండదో. ముందు చదువు. ఇది అవ్వగానే చెప్పు, నీ మాట ఎంతసేపైనా వింటా."

"అమ్మగారూ! కింద మెషీను ఖాళీగా ఉందండీ. కాగితం పంపుతారా, నన్ను భోంచేసి రమ్మంటారా?"

"ఉండవయ్యా మెషీనాయనా! వస్తుంది! సరే తమ్ముడూ, వేలు పెట్టి చూడు. పిల్లల జ్వరం మందు. వాడు విధానము."

"ఊఁ."

"సీసాను బాగా కుదిపి వాడవలెను."

"ఆగు. ఆగక్కా. ఇక్కడ 'బాగా' రెండుసార్లు పడింది."

"చూశావా! పట్టేశావ్!"

"కొట్టేశా. ఊఁ. చదువు, చదువు."

"ఆరేళ్ల లోపు పిల్లలకు పూటకు ఒక చెంచా."

"ఒక చెంచా. ఒకటే. మళ్లీ చూశా, ఒకటే. ఊఁ."

"అంతకు మించి ఇవ్వరాదు."

"ఊఁ."

"ఖాళీ కడుపుతో ఇవ్వరాదు."

"ఊఁ."

"ఎండ తగలని చోట ఉంచవలెను."

"ఊఁ."

"సొరుగు వైపు చూస్తావేంట్రా?"

"చూళ్లేదే. గుర్రుమన్నట్టనిపించింది."

"కట్టేసే పెట్టా దాన్ని. నోరెత్తదు."

"తెలుసు. తెలుసక్కా. కానీ."

"ఒంటిపై దద్దుర్లు వచ్చినచో మందు నిలిపివేయవలెను."

"ఊఁ."

"కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే వాడరాదు."

"ఊఁ."

"జ్వరము తగ్గనిచో పిల్లలకు పూటకు పది చెంచాలు ఇవ్వవలెను."

"ఊఁ."

"..."

"ఏంటక్కా, ఆగావ్?"

"ఇప్పుడు చదివిన లైను నీ కాగితంలో ఉందా?"

"ఉంది. ఊఁ అన్నాగా. మధ్యలో ఆపకు, ఊపు పోతుంది. బాగా వస్తోందివాళ."

"బాగా వస్తోందా?"

"ఎంత బాగానో! పాతరోజుల్లోలా ఉంది. కానియ్యి."

"కానిస్తాలే. విను."

"ఊఁ."

"అక్కకు కుడికన్ను పూర్తిగా పోయినదని వైద్యుడు నిన్న చెప్పెను."

"ఊఁ."

"ఎడమకన్ను ఎంతకాలముండునో చెప్పలేమనెను."

"ఊఁ."

"ఈ కాగితములో సగము అక్కకు కనబడలేదు. ఇటువంటివి ఎన్నో చదివి నోటికి వచ్చినందున చదివినది."

"ఊఁ."

"ఇకమీదట చూచుటకు తమ్ముని కళ్లే దిక్కు."

"ఊఁ."

"తమ్ముడూ."

"ఊఁ."

"నీకు దణ్ణం పెడతారా. ఒక్కసారి తలెత్తి నావైపు చూడరా."

"ఊఁ. తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు. అయిపోయింది."

"అయిపోయిందా? అప్పుడేనా! చూశావా అక్కా, ఫోను లేకుండా, మొదట్నుంచి చివరిదాకా! ఒక్క లైను పోనిచ్చానా? ఊరికే హడలిపోయాం ఇద్దరం. ఇదిగో, సంతకం కూడా పెట్టేశా. ఏంటి, ఏడుస్తున్నావా? పిచ్చక్కా! కళ్లు తుడుచుకో. ఆఁ, ఇందాక ఏదో చెప్పాలన్నావ్ కదూ? ఇప్పుడు చెప్పు, వింటా."