ముందు నువ్వే

యూనివర్సిటీ జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం అమ్మాయిలకు ఐదువేల మీటర్ల పందెం పెట్టారు. ఓడిపోయిన ఇద్దరు మూసాపేట మెట్రో మెట్ల మీద కూలబడ్డారు.

“ఎప్పుడు ముందుంటవ్ గద, ఇయాల ఎందుకంత మెల్లగ ఉరికినవ్?”

“నీవల్లే. నా వెనకే వచ్చి చివరి రౌండులో దాటేస్తావుగా! ఈసారి నిన్నే ముందుకి పోనిమ్మన్నారు మా సార్.”

“మా సారేమో, ఏమైనా సరే నీ వెనకనే ఉండుమన్నడు.”

“అందుకే ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ నడిచినట్టు పరిగెత్తాం. ఆ కొత్తమ్మాయి గెలిచేసింది.”

“ఆమెకు వాళ్ళ సార్ ఏం చెప్పిండంట?”

“అడిగాను. సార్ లేరట. పందెం ఆలస్యమైంది కదా, ఊరి బస్సు పోతుందని పరిగెత్తిందట.”

“దొరికిందా మరి?”

“దొరికే ఉంటుంది. వెనక్కి చూసే రకం కాదది.”