ఉప్పుబావి గల్లీ నల్లా

నిజం చెప్పాలని ప్రభుదాసు ఇంట్లో ముఖం కడుక్కుని మరీ బయల్దేరాడు. గల్లీ మొగలో ఉన్న జాఫర్ చాయ్ హోటల్ దాకా నడిచినంతసేపూ ఒక్క మాటే నోట్లో తిప్పుకున్నాడు. 'మనమడిగింది నల్లా, వచ్చింది మోరి, తప్పు నాది.' అంతే, మూడు ముక్కలు. కానీ ప్రభుదాసు నోట్లో మూడు ముక్కలతో ఆగిన మాట ఇంతవరకూ పుట్టలేదు, అదీ అసలు చిక్కు.

మెదక్ మున్సిపాలిటీ ఆఫీసులో అతను చప్రాసి. ఎర్ర పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. గల్లీలో మాత్రం దఫేదార్ సాబ్. ఆ ప్రమోషన్ తనకు తనే ఇచ్చుకున్నాడు, గల్లీవాళ్ళు కాదనలేదు. పిల్లికి బిచ్చం పెట్టని ఊళ్ళో పిలవడానికి ఖర్చేముందని ఊరుకున్నారు.

ఉప్పుబావి గల్లీకి పేరులోనే ఉంది కష్టమంతా. గల్లీ బావి నీళ్ళు నోట పెట్టలేం. తాగే నీళ్ళు కోట కింది బావి నుంచి ఆడవాళ్ళ నెత్తిన రావాలి. పోయిన వానాకాలం అందరూ కూర్చుని, గల్లీలోకే మంచినీళ్ళు వచ్చే నల్లా కావాలని దరఖాస్తు రాయించి, వేలిముద్రలు వేసి ప్రభుదాసు చేతికిచ్చారు. ఇవాళ మధ్యాహ్నం మేస్త్రీ ఒకడు సుతిలి తాడు చుట్టుకుంటూ ఆఫీసుకొచ్చి, "మీ గల్లీల మోరికి వాలు ఏ దిక్కు?" అనడిగాడు. నల్లా అడిగితే మురుగు పోయే మోరి ఏమిటని ప్రభుదాసు ఆరా తీస్తే కాగితం మీద మోరి అనే ఉంది. రేపు పదింటికి చైర్మన్ సంతకం పెడతాడు, పని గుత్తేదారు చేతికి పోతుంది. ఆ తర్వాత ఏడాది దాకా ఆ గల్లీ పేరు ఎవరూ ఎత్తరు. ఇది ఎట్లా జరిగిందో లోకంలో ప్రభుదాసు ఒక్కడికే తెలుసు.

హోటల్ ముందు అప్పటికే సందడిగా ఉంది. మేస్త్రీ గల్లీ కొలిచి పోయాడన్న కబురు ఇల్లిల్లూ తిరిగింది. జట్కా ఎల్లం బల్ల మీద నుంచి లేచి జాగా ఇచ్చాడు.

"కూసోండ్రి దఫేదార్ సాబ్. మన గల్లీకి నల్లా తెస్తిరి."

"మలాయి చాయ్, ప్రభుదాస్ భాయ్‌కి," అని జాఫర్ తనకు తనే ఆర్డర్ చెప్పుకుని గ్లాసు కడిగాడు. హోటల్ డ్రమ్ములో నీళ్ళు పోస్తున్న యాదవ్వ కూడా బిందె దించి చూసింది.

ఇరవై రెండేళ్ళుగా చప్రాసి పని చేసినవాడికి ఎవరైనా లేచి జాగా ఇస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ప్రభుదాసు గొంతు సవరించుకున్నాడు.

"నేను జేసిందేముందే, ఏం లేదు," అన్నాడు. నిజం అక్కడి నుంచే మొదలుపెడదామనుకున్నాడు. వాళ్ళకది పెద్దమనిషి అణకువలా వినపడింది.

"గట్లంటె గాదు. చెప్పుండ్రి," అన్నాడు ఎల్లం.

"దరఖాస్తు కట్ట అడుగున వడ్డది. దుమ్ము దులిపి మీద వెట్టిన. గంతే."

ఇంతవరకు నిజమే. ఇక్కడ ఆగుంటే ఈ కథే లేదు. కానీ ఎల్లం, "మీద వెట్టినంక?" అన్నాడు. తాగుబోతుకు కల్లు ముంత చూపించి పక్కకు పెట్టగలమా?

"మీద వెట్టినంకనా? చైర్మన్ సాబ్ జూసిండు. 'ప్రభుదాసూ, గిదేంది' అన్నడు. 'మా గల్లీ గోస సార్' అన్న. మెంబర్లందరు గప్‌చుప్. 'అయితె నువ్వే జెప్పు' అన్నడు. ఇగ అందుకున్న సూడు, పదింటికి షురూ జేస్తె పగటి గంట కొట్టిండ్రు, నేనాగలే, బువ్వకు లేద్దమంటె ఒక్కలు లేస్తలేరు, వజ్రమ్మ మెంబరమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడుపు, ఆమెను జూసి గుత్తేదారు ఏడుపు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"గుత్తేదారు ఏడ్సిండా?" జాఫర్ చాయ్ వడపోస్తూ ఆగిపోయాడు.

"ఏడ్సిండు భాయ్. దస్తీ నేనే ఇచ్చిన, ఇంక వాపస్ ఇయ్యలే. గా ఏడుపుల మధ్యల హైదరాబాద్‌కు ఫోన్ కలిపిండ్రు. అవుతల మంత్రి. 'ఎంత లావు పైపు గావాలె' అని అడుగుతుండు, ఇంజనీరుకు నోరు వెగుల్తలేదు. నేనందుకొని, 'మనిషి పట్టేటంత సార్' అన్న. 'పండుకొనా, నిలవడా?' అన్నడు. 'నిలవడి సార్, నెత్తిన రుమాలు తోటి' అన్న. 'మంజూర్' అన్నడు."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో ప్రభుదాసుకు ఒక్క క్షణం మోరి గుర్తుకొచ్చింది. ఇప్పుడైనా చెప్పేద్దామని గ్లాసు కింద పెట్టాడు. "కానీ సంగతేందంటే..." అన్నాడు.

"ట్రయల్ గిట్ల జూసిండ్రా?" అని అడ్డం వచ్చాడు ఎల్లం.

"జూడకుంట ఎట్లుంటరు? ఆఫీసు ఎనుక పైపు దింపి జూసిండ్రు. మీకు కనవడది, సర్కార్ పని. చావీ తిప్పెతందుకు ఒక్కనికి ధైర్నం లేదు. ఇంజనీరు అవుతల జరిగిండు. నేను పైపు మీద కూసొని జర్రంత తిప్పిన, గంతే, ఎక్కువ తిప్పలే, నా మాట నమ్ముండ్రి, జర్రంతే. నీళ్ళు నన్ను లేపినయి. ఆఫీసు పెంకులు దాటినం. కోట గోడ దాటినం. చర్చి శిఖరం నా మోకాలు కాడికొచ్చింది. చెప్పులిడిసి దండం వెట్టుకున్న, దేవుని ఇంటి మీదికెల్లి పోతున్నం గద. గద్ద ఒకటి ఎదురొస్తె 'జర జరుగమ్మా, మున్సిపాలిటీ పని' అన్న. జరిగింది."

"గద్దకు తెలుగొస్తదా?" అన్నాడు ఎల్లం.

"మెదక్ గద్ద గద, తెలుగు, ఉర్దూ రెండొస్తయి. ఆడికెల్లి జూస్తె ఇటు చేగుంట, అటు తూప్రాన్. తూప్రాన్ల ఆడోళ్ళు వాన వడ్డదనుకొని ఎండవోసిన మిరపకాయలు ఎత్తుకుంట ఉరుకుతున్నరు. మనోహరాబాద్ టేషన్ల రైలాగింది, డ్రైవరు ఛత్రీ కోసం దిగిండు. పాపం, మా గల్లీ నీళ్ళతోటి మందికి తక్లీబయితుందని నాకే మనసున వట్టలే."

"మరి కిందికెట్ల దిగినవ్?" అన్నాడు జాఫర్. వచ్చే నవ్వును భుజం మీది తువ్వాలతో ఆపుకుంటున్నాడు.

"దిగుడే పరేషాన్ అయ్యింది. కింద చైర్మన్ సాబ్ రిజిస్టర్ వట్టుకొని మొత్తుకుంటుండు, నల్లా ముట్టినట్టు దస్కత్ వెట్టుమని. కలం లేదు. వేలుతోటి, నీళ్ళతోటి, మీదికెల్లే వెట్టిన. కాగితం ఎండంగనె చూస్తె సిరా."

ఎల్లం బల్ల మీద చేత్తో కొట్టి పడీ పడీ నవ్వాడు. ప్రభుదాసు కూడా నవ్వాడు కానీ లోపల చచ్చిపోతున్నాడు. ఎంత పైకెక్కితే అంత కష్టం దిగడమని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా నాలుక వింటేగా!

అప్పుడు యాదవ్వ అడిగింది.

"తమ్మీ, గా నీళ్ళు ఉప్పగున్నయా, తియ్యగున్నయా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. ముప్పై ఏళ్ళుగా కోట కింది బావి నుంచి ఈ హోటల్‌కీ, నాలుగిళ్ళకీ నీళ్ళు మోసి బతుకుతోంది. నల్లా వస్తే ఆమె పనే పోతుంది. అయినా దరఖాస్తు మీద మొదటి వేలిముద్ర ఆమెదే. "పని పోతె పోనీ, నా కోడలు నడుమన్న మిగుల్తది," అంది ఆ రోజు.

తియ్యగున్నయక్కా, అంటే సరిపోయేది. గద్దను పక్కకు జరిపినవాడికి అదెంత? కానీ ఆమె ముఖం చూస్తూ నీళ్ళ గురించి అబద్ధం చెప్పడం ప్రభుదాసు వల్ల కాలేదు.

"నల్లా రాలేదక్కా," అన్నాడు. "మోరి వచ్చింది."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు, ఈసారి తల వంచుకుని.

"హెడ్ క్లర్కు సార్ గుంటూరు దిక్కు మనిషి. ఆంధ్రోళ్ళు మనతోటి కలిసి ఆరేండ్లయింది గని మన మాట ఇంక అందలే. మన దరఖాస్తు జూసి, 'నల్లా అంటే ఏమిటోయ్, నల్లగా ఉండేదా' అని నన్నడిగిండు. గంత పెద్ద సారు నన్నడిగిండని నాకు మస్తు ఖుషీ అయ్యింది. తడుముకోకుంట చెప్పిన, 'గది గూడ తెల్వదా సార్, నీళ్ళు పోయేది' అని. నీళ్ళు వచ్చేది అనేదుండె. పోయేది అన్న. ఆయన మోరి అని రాసుకున్నడు. రేపు పదింటికి చైర్మన్ సాబ్ దస్కత్ వెడ్తడు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. జాఫర్ చూసుకోలేదు.

"మరి గింతసేపు మమ్ముల మొగులు మీద ఎందుకు తిప్పినవ్?" ఎల్లం గొంతులో నవ్వు పోయింది. "చిన్నగ ఒక్క మాట జెప్పేది గద. మాటలు కోటలు దాటుతయి, కాలు గడప దాటదని నీ అసొంటోన్ని జూసే అన్నరు."

 

యాదవ్వ మాత్రం కోప్పడలేదు. బిందె చంకన పెట్టుకుంది.

"మనకు మోరి ఎందుకు తమ్మీ? అండ్ల పారెతందుకు నీళ్ళు గూడ నేనే మోసుకరావాల్నా?"

అందరూ ప్రభుదాసు వైపే చూశారు.

"పదింటికి దస్కతంటివి. పదింటి లోపట పోయి జెప్పు," అంది ఆమె.

"నేనా?" ప్రభుదాసు బిళ్ళ మీద చేయి వేసుకున్నాడు. "అక్కా, ఇరవై రెండేండ్ల సంది గా హాల్ల నా నోట్లకెల్లి 'చాయ్ సార్' తప్ప ఒక్క మాట రాలే. తప్పు నాదంటె గీ బిళ్ళ గుంజుకుంటరు."

"గుంజుకుంటె నాతోటి రా. బావి కాడ ఇంకో మనిషికి జాగ ఉన్నది."

రాత్రంతా అతనికి కునుకు లేదు. తెల్లారి తొమ్మిదిన్నరకు యాదవ్వ వచ్చి ఆఫీసు వరండాలో స్తంభం పక్కన నిలబడింది. ఆమె రాకపోతే బహుశా మిగతా కథ వేరుగా ఉండేది.

చైర్మన్ కలం మూత తీస్తున్నాడు. ప్రభుదాసు చేతిలోని చాయ్ ట్రే కిటికీలో పెట్టాడు. "సార్," అన్నాడు. హాలంతా తిరిగి చూసింది. అతనికి ఎన్నో మాటలు తోచాయి, గల్లీ గోస, ఆడవాళ్ళ కన్నీళ్ళు, తన ఇరవై రెండేళ్ళ సేవ. ఒక్కటీ అనలేదు.

"సార్, ఉప్పుబావి గల్లీ కాగితం తప్పు పోయింది. వాళ్ళడిగింది మోరి గాదు, నల్లా. నీళ్ళు వచ్చేది. క్లర్కు సారుకు నేనే తప్పు చెప్పిన."

"ఓహో, కుళాయా!" అన్నాడు హెడ్ క్లర్కు, నొసలు కొట్టుకుంటూ. "కుళాయి అనొచ్చు కదయ్యా!"

"గా మాట నాకు తెల్వదు సార్."

చైర్మన్ దరఖాస్తు తెప్పించి, వేలిముద్రల్ని చాలాసేపు చూశాడు. మోరి కొట్టేసి కొత్త కాగితం టైపు చెయ్యమన్నాడు. ఏం తిట్లు తింటానోనని ప్రభుదాసు గోడకు చేరగిలబడ్డాడు. చైర్మన్ అది చూశాడు. "టైపయ్యేదాంక కూసో," అన్నాడు. హాల్లో ఖాళీగా ఉన్నది రాని మెంబరు కుర్చీ ఒక్కటే. ప్రభుదాసు దాని అంచున, పడిపోకుండా ఉండేంత మేర కూర్చున్నాడు. ఒక పేజీ టైపయ్యేంతసేపు.

సాయంత్రం హోటల్ దగ్గర ఎవరూ లేచి జాగా ఇవ్వలేదు. అతను నిలబడే చెప్పాడు.

"మోరి కొట్టేసిండ్రు. నల్లా అని రాసి దస్కత్ చేసిండ్రు. ఎండాకాలం లోపట వస్తది."

జాఫర్ మెల్లగా గ్లాసు అందించాడు. ఎల్లం ఊపిరి పీల్చుకుని, "అచ్చా. ఇంక?" అన్నాడు.

"ఇంకేం లేదు." ప్రభుదాసు చాయ్ ఒక గుక్క తాగాడు. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, "నన్ను మెంబర్ల కుర్చీల కూసోమన్నరు," అన్నాడు.

హోటల్ అంతా గొల్లుమంది. "ఇగో, మల్ల షురూ జేసిండు," అన్నాడు ఎల్లం. "నల్లా దాంక నమ్మినం దఫేదార్ సాబ్, కుర్చీ మాత్రం మాతోని గాదు."

ఇంకోనాడైతే ఏసు మీద ఒట్టు, మేరీ మాత మీద ఒట్టు అని ఊరంతా సాక్షుల్ని పిలిచేవాడు. ఇవాళ గ్లాసు వంకే చూస్తూ ఇంకో గుక్క తాగాడు. ఉన్న నిజం ఒక్కటి, అదీ నమ్మరు.

యాదవ్వ డ్రమ్ములో ఆఖరి బిందె పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"కూసున్నడు," అంది. "వరండల నిలవడి నేను జూసిన."