కన్నీళ్ళకి తేలిన ఓడ

సుందర్ రాజ్ మాస్టారి ట్యుటోరియల్లో తొమ్మిదిమంది చేరారు. పదిమంది ఉంటేనే చర్చి హాలు తాళం ఇస్తానన్నారు పాస్టరు దేవదానం గారు. గడువు రేపు ఆదివారం ఆరాధన అయ్యేదాకా. అందుకే శనివారం సాయంత్రం మాస్టారు జాలారిపేటలో కాసులమ్మ టీ బడ్డీ ముందు బల్ల మీద కూచున్నాడు. ఎదురుగా కన్నబాబు చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు; చుట్టరికం లేకపోయినా ఇద్దరిదీ బావా బావా అని పిలుచుకునే చనువు. పక్కనే అతని చెల్లెలు చిట్టమ్మ. బి.ఏ.లో ఇంగ్లీషు పేపరు ఒక్కటే పోయింది, మార్చిలో మళ్ళీ రాయాలి. ఆమె ఒళ్ళో నాటకం పుస్తకం చూడగానే మాస్టారికి ఊపొచ్చింది.

"ఈ విషాద నాటకమా అమ్మా? ఇది నా ఒంట్లో నెత్తురు! చూశావా, ఇప్పుడు నేనన్నది మెటాఫర్, మన రూపకం. అదే 'నెత్తురులాంటిది' అన్నాననుకో, సిమిలీ, ఉపమ. ఒక్క 'లా' పెడితే మారిపోయింది. కాసులమ్మక్కా, ఒక టీ. కాలేజీ రోజుల్లో ఇందులో రాజు వేషం నేనే వేశాను. రుషికొండ ఒడ్డున, ఇసకలో స్టేజీ. నిండు పున్నమి, పెట్రోమాక్సు లైట్లు కూడా అక్కర్లేకపోయింది."

"జనం ఎంతమందొచ్చారేటి బావా?" అన్నాడు కన్నబాబు, వల మీంచి తల ఎత్తకుండా.

"మొదటి అంకానికి నూట ఇరవై నాలుగు. నా గొంతు విన్నాక రెండో అంకానికి పన్నెండొందల నలభై."

"ఆ సున్నా ఎక్కణ్ణించొచ్చింది?"

"తగరపువలస నుంచి. నడిచొచ్చారు."

"ఒక్క అంకంలోనే?"

"సరే, పరిగెత్తుకొచ్చారు. మధ్యలో ఆపకు బావా. అమ్మా చిట్టమ్మా, హైపర్బోలీ అంటే అతిశయోక్తి, ఉన్నదానికి సున్నాలు తగిలించి చెప్పడం. నాకది చేతకాదు కాబట్టి ఉదాహరణ వేరే ఎక్కడైనా వెతుక్కోవాలి. ఇంక అసలు సీను. శత్రువులొస్తున్నారని రాజు కోట తలుపులు మూయించేస్తాడు. బయట ఎవరో తలుపు బాదుతుంటారు. ఎవరు? చిన్నప్పుడు తప్పిపోయిన సొంత కూతురు! చూసే జనానికి తెలుసు, రాజుకొక్కడికే తెలీదు. పైగా 'నా అంత తెలివైనవాడు లేడు' అని మీసం తిప్పుతుంటాడు. దాన్నే డ్రమటిక్ ఐరనీ అంటారు. అందరికీ తెలిసింది, మాట్లాడేవాడికి తెలీకపోవడం. రాసుకున్నావా?"

"బుర్రలో రాసుకున్నానండి."

"అక్కడ కూతురు చచ్చిపోయింది, నేను గుండె పగిలి చచ్చాను. ఇంక చూడూ, జనం ఏడుపు! నేను లెక్క కట్టాను. మనిషికి శేరున్నర కన్నీళ్ళు. పద్దెనిమిదొందల అరవై శేర్లు."

"ఆ నీటికి మా తెప్ప అడుగైనా తడవదు బావా."

"అది నేను ఒక్కసారి చచ్చినప్పటి లెక్క! 'మళ్ళీ చావాలి, మళ్ళీ చావాలి' అని ఒకటే కేకలు. ఏం చేస్తాను, లేచి మళ్ళీ చచ్చాను. ఏడుసార్లు చచ్చాను. ప్రతిసారీ ఏడుపు రెట్టింపు. మొత్తం రెండు లక్షల ముప్పై ఆరువేల రెండొందల ఇరవై శేర్లు. ఆనందపురంలో సంతకొచ్చిన ఎడ్లు కూడా ఏడ్చాయి, అవి నేను లెక్కలో వెయ్యలేదు. అప్పుడేం జరిగిందంటావు?"

"ఎడ్లు కూడా పరిగెత్తుకొచ్చాయేటి?" అంది కాసులమ్మ టీ తిరగబోస్తూ.

"ఓడ లేచిందక్కా, ఓడ! మూడు రోజులబట్టి అక్కడ ఇసకలో కూరుకుపోయి ఉంది. పోర్టు నుంచి రెండు టగ్గులొచ్చి లాగినా అంగుళం కదల్లేదు. నా ఏడో చావుకి జనం కన్నీళ్ళు కాలవలు కట్టి సముద్రంలోకి పారాయి. నీళ్ళు లేచాయి. ఓడ ఊగింది, తేలింది, తిరిగింది. కెప్టెను గ్రీకువాడు, వచ్చి నా కాళ్ళు పట్టుకుని తెలుగులో ఏడ్చాడు. 'బాబూ, ఇంకొక్కసారి చావండి, హార్బరు దాకా వెళ్ళిపోతాం' అని! నాలాంటివాడు పాఠం చెబితే పేపరు తేలదా చెప్పమ్మా?"

కన్నబాబు వల పక్కన పెట్టాడు.

"పున్నమన్నావు గదా బావా?"

"నిండు పున్నమి!"

"ఓడ ఎన్ని గంటలకి లేచింది?"

"సరిగ్గా తొమ్మిదింటికి. వాచీ చూసుకునే చచ్చాను."

కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మూల బీడీ కాల్చుకుంటున్న ముసలాయన పొగ మింగి దగ్గాడు.

"ఏంటక్కా? ఎందుకు నవ్వుతున్నారు?"

"పున్నమినాడు ఆ యేళకి పెద్ద పోటు బావా," అన్నాడు కన్నబాబు నిదానంగా. "సముద్రం దానంతటదే లేత్తాది. నువ్వు సచ్చినా లేత్తాది, సావకపోయినా లేత్తాది."

"నీకూ తెలుసా అక్కా?"

"మా పేటలో పాలు తాగే పిల్లకీ తెలుసు బాబూ. పున్నమి అన్నప్పట్నించీ సూత్తన్నాం, ఎప్పుడు మునుగుతావా అని."

మాస్టారు టీ గ్లాసు ఊదుకోవడం మొదలెట్టాడు. టీ అప్పటికే చల్లారిపోయింది.

"మాస్టారూ," అంది చిట్టమ్మ. "ఇన్నోళ్ళందరికీ తెలుసు, రాజుగారికొక్కరికే తెలీదు. ఇదే గదండీ డ్రమటిక్ ఐరనీ?"

మాస్టారు బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది. "అదే! అచ్చంగా అదే! పదికి పది! చూశావా బావా, నా పాఠం ఎలా ఎక్కిందో! ఇంకేం, పేరు రాసేసుకుంటా. పదో నంబరు, చిట్టమ్మ."

చిట్టమ్మ పుస్తకం మూసేసింది.

"పోయినేడు నాకు పోయినవి ఈ నాలుగేనండి. సిమిలీ, మెటాఫరు, హైపర్బోలీ, ఐరనీ. నాలుగూ ఇప్పుడొచ్చీసాయి గదా, నాకింక ట్యూషనెందుకండీ? మీ టీ డబ్బులు మాత్రం నానిచ్చేత్తాను."