పైడమ్మ అడిగిన ఇంగ్లీషు మాట

“దీపావళి అమాస దాటకుండా నీ మొగుణ్ని నీ గుమ్మంలో దింపుతాను, పూచీ నాది” అన్నాడంట చేపలాఫీసు పెద్దాఫీసరు పైడమ్మతో. దీపావళి ఎల్లిపోయింది, శివరాత్రీ ఎల్లిపోయింది. పైడమ్మెవరంటారా? జాలరిపేటలో దానయ్య పెళ్లాం. దానయ్యా, ఇంకో నలుగురూ వేటకెళ్లినారు. తుపానుగాలికి పడవ కొట్టుకుపోయి ఎవరిదో దేశం ఒడ్డున తేలింది, అక్కడోళ్లు పట్టుకుని జైల్లో పెట్టీసినారు. ఇది నీ దేశం, ఇది నా దేశం అని కెరటానికేం తెలుసు? గీతలు గీసింది పెద్దోళ్లు, జైలుకూడు మాత్రం మనకి. సరే, ఏమైందంటే, నలుగుర్నీ వదిలేసినారు, దానయ్యని వదల్లేదు. జైల్లో అందరికీ నీళ్లియ్యండని అరిచాడంట, అందుకని వేరే జైలుకి తోలేసినారంట. తిరిగొచ్చిన ఆ నలుగురే చెప్పినారు. ఏ జైలో ఎవరికీ తెలీదు. అప్పుడా ఆఫీసరు, మనిషెలాగుంటాడో ఇంగ్లీషులో రాయించుకురా అమ్మా, అక్కడ పేర్లు సరిగా రాసుకోలేదు, ఆనవాళ్లు చూసి వెతుకుతారు అన్నాడంట.

పైడమ్మ తిన్నగా ఎళ్లి చర్చిబడి టీచరు కరుణమ్మ దగ్గర కూకుంది. మనిషెలాటోడో చెప్పే ఇంగ్లీషు మాటలు నేర్పమంది. కరుణమ్మ మంచిదే అనుకో, ఓపిగ్గా చెప్పింది. పొడుగంటే టాల్, నలుపంటే డార్క్, బక్కంటే థిన్. మగాడికైనా ఆడదానికైనా, ఒకడికైనా వందమందికైనా అదే మాట, మార్చక్కర్లేదు, సుళువంది. “వందమందికి సరిపోయే మాట నాకేటికమ్మా? పొడుగూ నలుపూ బక్కా అంటే మా పేటంతా లేచి రాదేటి? నా ఒక్కడికే సరిపోయీది సెప్పు.” పోనీ హ్యాండ్‌సమ్ అని రాద్దునా, అందగాడని, అంది కరుణమ్మ. పక్కన చేపలెండబెడుతున్న ఆడోళ్లు విననే విన్నారు. “ఓలమ్మో, దానయ్య అందగాడంట! ఆ ముక్కు సూసినావేటే, గాలంలాగా వంగుంటాది!” ఒకటే నవ్వు. పైడమ్మా నవ్వింది, నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకంటే, పడవ కెరటాల అవతలుండగానే దానయ్య గొంతు ఇల్లు చేరిపోయీది. “పైడీ, పొయ్యెలిగించీసే!” అని. ఆ కేక విన్నాకే ఆమె పొయ్యి ముట్టించీది. ఇప్పుడు గాలి ఎవరి కేక మోసుకొచ్చినా చేతిలో పని వదిలేసి పొయ్యి దగ్గరికి ఉరుకుతాది. ఉరికి, ఊరికే నిలబడతాది. “అంత గొంతున్నోణ్ని ఏటంతారమ్మా?” లౌడ్ అంటారంది కరుణమ్మ. లౌడ్, లౌడ్ అనుకుంటూ దారంతా నడిచిందంట. మొగుడే పక్కన నడుస్తున్నట్టుందంట ఆ మాట. టాల్, డార్క్, లౌడ్. అదే రాయించిచ్చింది. ముక్కు సంగతి రాయించలేదా అంటారేమో. మొగుడి ముక్కు వంకరని ఏ ఆడది సర్కారుకి రాసిస్తాది చెప్పండి?

కొన్నాళ్లకి జవాబొచ్చింది. ఆఫీసరు చదివాడు. లౌడ్ అనేవాడు మా జైళ్లలో ఎక్కడా లేడు. పొడుగూ నలుపూ ఉన్నోడు ఒకడున్నాడు, ముక్కు కొక్కెంలాగా ఉంటాది, కానీ వాడు క్వైట్. పేరడిగినా చెప్పడు. “నీ మొగుడు కాడమ్మా. ఇక్కడ వేలిముద్రెయ్, ఫైలు మూసేస్తాం.” క్వైట్ అంటే ఏటి బాబూ అంది పైడమ్మ. నోరు మెదపనోడు అన్నాడు. ఆమె వేలికి సిరా అంటించేశారప్పటికే. చెయ్యి ఎనక్కి లాక్కుందంట. “ఆడు మా మావే బాబూ.” “లౌడని నువ్వే కదమ్మా రాయించావు?” “ఎల్లినప్పుడు లౌడే. ఈ రెండో మాట మా ఇంట్లోది కాదు, అక్కడెవులో పెట్టినారు. ఏటి సేసి పెట్టినారో తరవాత అడుగుదురుగాని, ముందు ఆణ్ని తెండి.” అని, సిరా వేలు కొంగుకి తుడిచేసుకుని వచ్చేసింది.

ఇదీ కత. కతలకైతే వెళ్లడానికి కంచి ఉంది, దానయ్యకే ఇల్లు లేకుండా పోయింది. ఆణ్ని ఊరికే పంపండని ఎవరి కాళ్లూ పట్టుకోం, అడిగేది మా మనిషిని. ఏప్రిల్ పదిహేను నుంచి సర్కారు వేట ఆపించేస్తాది, పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, పేటంతా ఖాళీయే, ఆఫీసు మెట్లెక్కడానికి మాకు పనేం అడ్డం రాదు. ఆఫీసరు బాబులూ, దానయ్యని ఏ రోజు తెస్తారో చెప్పండి. గడువు ఏప్రిల్ పద్నాలుగు, పొద్దు గూకేలోగా.