శనివారం మనిషి ఇంట్లో ఆకుపచ్చ గోడ

ఏదీ, ఆ రంగుల అట్ట ఇలా ఇవ్వవే. నా కళ్ళజోడెక్కడ... ఆ, నెత్తిమీదే ఉంది, ఏడిసినట్టుంది. అబ్బో, ఎన్ని రంగులే! ఇవన్నీ తెలుపే కదా? ముత్యం తెలుపంట, పాల తెలుపంట, ఇదేమో బియ్యం కడుగు తెలుపంట. పేరు మార్చి ధర పెంచడం. మీ ఆయన ఏ వారం పుట్టాడన్నావు? గురువారమా? అయితే ఆ ఊదా మీంచి వేలు తియ్యి. గురువారంవాళ్ళకి ఊదా పడదు. నవ్వు, నవ్వు. నవ్వుకుంటూనే ఇంకో రంగు చూసుకో. ఈ కంతాంగ్ ఊళ్ళో రంగుకి భయపడనివాడెవడో చూపించు ముందు. ఏ రోజు ఏ చొక్కా వేసుకోవాలో ఫోన్లో చూసుకుని మరీ బయల్దేరతారు మీరు, నాకు తెలీదనుకున్నావా? తప్పేం లేదులే. పుట్టినప్పట్నించీ వింటున్నదే. ఆదివారానికి ఎరుపు, సోమవారానికి పసుపు, బుధవారానికి ఆకుపచ్చ, శుక్రవారానికి నీలం, శనివారానికి ఊదా. ఎవరి వారం రంగు వాళ్ళకి మంచిది. మళ్ళీ ఒక్కొక్కళ్ళకి ఒక కాని రంగుంటుంది చూడు, అదీ గొడవ. శనివారం పుట్టినవాడికి ఆకుపచ్చ కానే కాదు. ఇంట్లో ఉంటే ఆయుష్షుకో, వ్యాపారానికో, ఏదో ఒకదానికి ముప్పు. అందుకే లమున్ పిన్ని గోడ గురించి వీధి వీధంతా అంత గోల చేసింది. లమున్ పిన్ని నీకు తెలీదులే, నువ్వు ఈ ఇంటికొచ్చేటప్పటికే పోయింది. మన ఎదురిల్లు, ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడే, అదే.

ఆవిడ మొగుడు ప్రయూన్. రబ్బరు షీట్లు కొని పడవల మీద పంపించేవాడు. చెడ్డవాడని అనలేను. నవ్వుతూ ఉండేవాడు, మా అమ్మ కాఫీకొట్లో కూర్చుంటే పక్కనున్నవాళ్ళందరికీ కాఫీ చెప్పేవాడు, బిల్లు మాత్రం ఇంటికెళ్ళి లమున్‌ని అడగమనేవాడు. శనివారం పుట్టాడని వాళ్ళమ్మకి అదో పట్టు. కొడుకు పెళ్ళికి ముందే ముందుగది మొత్తం ఊదా సున్నం కొట్టించింది. సున్నంలో నీలిమందూ కాస్త ఎర్రపొడీ కలిపించింది. ఆ సున్నం ఎలాంటిదంటే, ఆనుకుంటే వీపుకంటేది. వాళ్ళింటికెళ్ళొచ్చిన ప్రతివాడి వీపూ ఊదాయే, ఎక్కడికెళ్ళొచ్చావని పెళ్ళాలు అడగక్కర్లేదు. నువ్వు మాత్రం సున్నం జోలికెళ్ళకు. ఇప్పుడేదో పాతకాలం అందం అంటున్నారుగానీ, ఈ ఏటిగాలికి రెండు వానలు పడితే చాలు, పెచ్చులు లేస్తుంది. ఏం చెబుతున్నాను? ఆ, ఊదా. పరదాలు ఊదా, గలీబులు ఊదా, దోమతెరకి అంచు కూడా ఊదాయే. లమున్ పిన్ని పుట్టింటినించి నడుముకి చుట్టుకునే ఆకుపచ్చ సరోంగు ఒకటి తెచ్చుకుందట, కొత్తకోడలు కదా. అత్తగారు చూసి, "నా కొడుకుని చంపుదామని వచ్చావా?" అని దాన్ని పడవలు కడిగేవాడికిచ్చేసింది. ఈవిడ వేరేది కట్టుకుని పనిలో పడింది. అసలు ఎప్పుడూ ఏమీ అనేది కాదు. "లమున్ నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయే" అని మా అమ్మ ఎత్తిపొడిచేది. ఎదురుగానే అనేది. దానికీ నవ్వి ఊరుకునేది.

తర్వాత మామూలే. ప్రయూన్ రనోంగ్ ఊళ్ళో చిన్నిల్లు పెట్టాడు. చిన్నిల్లు కాస్తా పెద్దిల్లయింది, తల్లిని కూడా అక్కడికే తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు చెప్పి కూడా వెళ్ళలేదు. దీపావళి ముందు బొద్దింకలు పోయినట్టు పోయారని అనబోయాను, మనకి దీపావళెక్కడిది, మా పక్కింటి తమిళావిడ మాట అది. సరే. లమున్ పిన్ని బొగ్గుల పొయ్యి పెట్టి కేకులు చెయ్యడం మొదలెట్టింది. మధ్యలో చిల్లుంటుందే, ఆ కేకులే. త్రాంగ్ బజారు దాకా వెళ్ళేవి. తెల్లారేసరికి వీధంతా గుడ్ల వాసన, వెన్న వాసన. బాగా అమ్ముడుపోయేవి. ఇల్లు కూడా తన పేరు మీద కొనుక్కుంది. అదయ్యాక ఒక ఎండాకాలం రంగులేసే హెంగ్ మావని పిలిచింది. మాకు అన్నీ కనపడతాయిగా, మధ్యలో వీధేగా అడ్డం. మా అమ్మ కాఫీ వడకట్టే గుడ్డ పట్టుకుని గుమ్మంలోకొచ్చేసింది. హెంగ్ మావకి గొంతెక్కువ, చెవి తక్కువ. "ఏంటీ? ఆకుపచ్చా? ప్రయూన్ శనివారం కదమ్మా!" ఈవిడేదో అంది, వినపడలేదు. "అవుననుకో, మరి ఆకుపచ్చేంటి?" మళ్ళీ ఏదో అంది. "నీకిష్టమా! ఇష్టమైతే మాత్రం!" వీధికంతా తెలిసిపోయింది.

రంగు ఎలా ఎంచాలో ఆవిడని చూసి నేర్చుకో. ఈ అట్ట చూసి ఎంచలేదు. అట్టమీద గోరంత ఉన్నది గోడంతా అయ్యేసరికి వేరే రంగైపోతుంది. నాలుగు ఆకుపచ్చలు గోడమీద చారెడేసి పూయించి, వాటిని అలా వదిలేసింది. పొద్దున చూసింది, మిట్టమధ్యాహ్నం చూసింది, దీపం పెట్టి చూసింది. ఒకటి దీపానికి నాచులా అయిపోయింది, ఒకటి ఆస్పత్రి గోడలా ఉంది. చివరికి లేత అరిటాకు రంగు దగ్గర ఆగింది. హెంగ్ మావ, "మెరుపుదా, మెరుపులేందా?" అన్నాడు. మెరిసేదే అంది. "మెరిసేదేస్తే గోడమీదున్న సొట్టలన్నీ బయటపడతాయమ్మా." "పడనీ." అది మాత్రం గట్టిగా అంది, నేను విన్నాను. సున్నం మీద ఆయిల్ పెయింట్ నిలవదు కదా, పాత ఊదా అంతా గీకించింది. తనూ ఒక గరిటె పట్టుకుని గీకింది. గది మధ్యలో ఊదాపొడి కుప్ప పడింది. లప్పం పట్టి, అస్తరేసి, రెండు పూతలు వేశాక చూడాలి... నీ వంటింటికీ అదే చెబుతున్నాను, మెరిసేది వేయించు. పులుసు చిందితే తడిగుడ్డతో పోతుంది. మెరుపులేంది పడగ్గదిలో వేసుకో, అక్కడెవరు చిందిస్తారు.

ఇహ వీధిలో ఒకటే మాట. లమున్ రంగుతో గడియ వేసింది! తలుపేస్తే తడతాడు, రంగేస్తే ఏం తడతాడు? "మొగుడికి కాని రంగు ఇల్లంతా పూసి కూర్చుంది, ఎంత గుండె!" అని కొందరు. "మంచి పని చేసింది" అని కొందరు. నేను రెండోజట్టు. పెళ్ళికాని పిల్లని, నాకదొక వీరకథలా ఉండేది. కబురు రనోంగ్‌కి చేరింది. నమ్మవుగానీ, పనిచేసింది! ప్రయూన్ సరుకు పని మీద కంతాంగ్ వస్తే, మా వైపు అరుగుల మీంచి, తల దించుకుని, గొడుగు అటు అడ్డం పెట్టుకుని పోయేవాడు. వాన లేదు, ఎండ లేదు, గొడుగు. మా అమ్మ నవ్వాపుకోలేక లోపలికెళ్ళేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి. లమున్ పిన్ని కాస్త ఒళ్ళు చేసింది, ఆ గదిలో కూర్చుని రేడియో వినేది, పాట వస్తే కూడా పాడేది. పాడుతుందని అంతకుముందు మాకెవరికీ తెలీదు.

తర్వాత ఆ ముసలావిడ, అత్తగారు, మంచాన పడింది. పోయేముందు కొడుకుని పిలిచి చెప్పిందట. "నువ్వు పుట్టేటప్పటికి తెల్లారలేదురా. మంత్రసాని అరచెయ్యి చాపి చూసింది, గీతలు కనపడలేదు. పుట్టుకలు రాసే ఆఫీసువాళ్ళు గడియారం లెక్కన శనివారమన్నారు, నేనూ అదే అనేశాను." మనకి రోజు మారేది అర్ధరాత్రి కాదుగా, అరచేతి గీతలు కనపడ్డాకేగా. అంటే ఆయన శుక్రవారం మనిషి! బతుకంతా ఊదాలో బతికించి పోయేముందు ఆ మాటా చెప్పడం! శుక్రవారంవాళ్ళకి ఆకుపచ్చ కాని రంగు కాదు సరికదా, ఆస్తి నిలబెట్టే రంగు. రనోంగావిడ అప్పటికే ఇంకొకణ్ణి చూసుకుందిలే. ఇంకేం, తల్లి కర్మ అయిన వెంటనే ప్రయూన్ మంగుస్తాన్ పళ్ళ బుట్ట పట్టుకుని పొద్దున పడవకి దిగాడు. గొడుగు లేదు. నీలం చొక్కా. వీధి మధ్యలో నడిచొచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

"లమున్! చూశావా రాత! నాకే తెలీని నా రంగు నీ మనసుకి తెలిసింది. నాకోసమే వేయించావు!" అని ఏడుపూ నవ్వూ కలిపి మొదలెట్టాడు. జనం పోగయ్యారు. హెంగ్ మావైతే తనే జాతకం చెప్పినట్టు, "నేనప్పుడే అనుకున్నా!" అన్నాడు. "ఇంకేంటి లమున్, రానీ, పెద్దవాడయ్యాడు, ఎక్కడికి పోతాడు" అని ఆడవాళ్ళు. వీరకథ అన్నానే, ఆ నేనూ మెత్తబడ్డాను. ఏం చేస్తాం, అచ్చం దేవుడే కలిపినట్టుంది. లమున్ పిన్ని చేతులకి పిండి. మొహం చూశాను, భయపడింది. అన్నేళ్ళూ ఆవిడ తరఫున మాట్లాడిన గోడ ఆ పూట పార్టీ మార్చేసింది మరి. రావద్దనడానికి ఒక్క వంకా మిగల్లేదు. ఆయన లోపలికి పెట్టబోయిన కాలు గడప మీదుంది. అప్పుడు నోరు తెరిచింది. మెల్లిగానే అంది, అందరికీ వినపడింది.

"నేనే వారం పుట్టానో చెప్పి లోపలికి రా."

ఆయన నవ్వాడు. ఇదేం పరాచికమే అన్నాడు. ఆవిడ నవ్వలేదు. "సోమవారం" అన్నాడు. ఆవిడ పక్కనున్న తలుపుపలక ఒకటి తీసి గాడిలో పెట్టింది. పాత తలుపులు కదా, ఒక్కో పలకే పెట్టాలి. "గురువారం, గురువారం కదూ?" ఇంకో పలక. ఆవిడ వెనక గోడ ధగధగా మెరుస్తోంది, ఆయన దాన్నే చూస్తున్నాడు. మా అమ్మ నా పక్కన నిలబడి పళ్ళ మధ్యలోంచి, "ఎదురుగా ఉందిరా దద్దమ్మా, గోడంతా ఉంది" అంది. నేనప్పుడు మా అమ్మ మొహంలోకి చూశాను. నాకూ తట్టలేదే! అన్నేళ్ళూ మేమందరం ఆయన వారమే లెక్కేశాం. కడపటి పలక పడింది. లోపలినించి గడియ వేసిన చప్పుడు. ఆయన ఆ చెక్కకి మొహం ఆనించి, ఆశగా, "శుక్రవారమా, లమున్? నాలాగే?" అన్నాడు.

బుధవారమే పిల్లా. బుధవారం పుట్టింది... ఏదో మాడుతోంది, పొయ్యి మీదేం పెట్టొచ్చావు? వెళ్ళి చూడు.