కంపెనీ ఎవరిదండీ?

ముందు ఆ కత్తి కింద పెట్టు. సబ్బు కొయ్యడం తర్వాత. నా మొహంలోకి చూసి చెప్పవే చెల్లీ, ఏం రాశావు ఆ కంపెనీ కాగితాల్లో?

డైరెక్టర్లు అన్న చోట మీ బావగారి పేరూ, మీ ఆయన పేరూ. వాటాలు సగం సగం, అవీ అన్నదమ్ములిద్దరివే. నీ పేరు లేదు, నా పేరు లేదు. మనిద్దరం ఈ వెనక గదిలో మూతికి గుడ్డ కట్టుకుని నూనెలో కాస్టిక్ సోడా కలుపుతుంటే, అబ్బ ఏం కంపు అంటూ తలుపులు వేసుకున్న మహానుభావులు ఇవాళ కంపెనీకి డైరెక్టర్లు!

ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

అసలు ఈ రిజిస్ట్రేషన్ ఎందుకు పెట్టుకున్నాం? కంపెనీ అయితేనే సరుకు తీసుకుంటామని ఆ పెద్ద కొట్టువాళ్ళు అన్నారనేగా. చదువుకున్నదానివి, కంప్యూటరు ముందు కూర్చోగలవని నీకు అప్పజెప్పాను. అయిపోయిందక్కా అన్నావు. ఏమయిందో అడక్కపోవడం నా బుద్ధితక్కువ.

ఏమిటీ, అలవాటులో రాసేశావా? అవునులే. గ్యాసు వాళ్ళ పేరున, కరెంటు మీటరు వాళ్ళ పేరున, పిల్లల బడిలో వాళ్ళ పేరే. గడి కనబడితే చాలు, నీ చెయ్యి దానంతటదే మీ ఆయన పేరు కొట్టేస్తుంది. వాళ్ళూ అంతే. సంతకం ఎక్కడ అని అడిగారే గాని, దేనికని అడిగారా?

ఇవాళ సర్టిఫికెట్ రాగానే భోజనాల దగ్గర మీ బావగారు ఏమన్నారో విన్నావుగా. ఎంత ప్రేమగా అన్నారో. "మీరిద్దరూ నెలకి జీతం ఎంత అనుకుంటున్నారు?"

జీతమట. నాకు! ఇదిగో, ఈ మోచేతి మీద మచ్చ, మొదటి వాయి పొంగి మీద పడినప్పటిది. ఆయన ఒంటి మీద మచ్చ ఎక్కడుందో చూపించమను. చేతిలో గరిటె విసిరేద్దామనిపించింది.

మారు వడ్డించాను.

పైగా పేరు చివర లిమిటెడ్ ఒకటి. అంటే ఏమిటయ్యా అని ఆడిటరుని అడిగితే, రేపు వ్యాపారం మునిగినా ఎవరూ ఇంటి మీదకి రారమ్మా, వాటాదారుల బాధ్యతకి హద్దుంటుంది అన్నాడు. బాగుంది. వాళ్ళ బాధ్యతకి హద్దు సర్కారువారే గీసిచ్చారు. మన చాకిరీకి ఎవరు గీస్తారు?

పేర్లు మార్చుకోవచ్చట, చాలా తేలికట. మగవాళ్ళిద్దరూ ఒప్పుకుని, వాటాలు మన పేరున రాసి, సంతకం పెడితే చాలట. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అయింది. పోనీ, వాళ్ళు దొంగలా? కాదు, అదే నా బాధ. దొంగలైతే వీధికెక్కి పోట్లాడేదాన్ని.

మీ ఆయన పెట్టేస్తాడా? మీ బావగారో? ఎవరి పేరుంటే ఏమిటి, అంతా ఇంట్లోదేగా అంటున్నారు అప్పుడే. అంత తేడా లేకపోతే నా పేరే ఉండనివ్వచ్చుగా?

మరి ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళి ఏం సాధించానంటావా?

చెయ్యి కడుక్కుని నేరుగా అక్కడికే పోయాను. ఆ ఆఫీసువాళ్ళని దులిపేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. కిటికీ వెనక ఒక అమ్మాయి, నీ ఈడుదే. కాగితం తీసుకుని, తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగింది.

"కంపెనీ ఎవరిదండీ?"

నా వెనక ఎవరూ లేరు. ఆయన లేరు, మీ ఆయనా లేడు. నా చేతులు ఇంకా సబ్బు వాసన వేస్తున్నాయి.

"మా వారిదండీ" అన్నాను.

అలా చూడకు. ఎవరూ నా పీక మీద కత్తి పెట్టలేదు. అడగ్గానే వచ్చేసింది, అంతే. ఆ తర్వాత ఏం మాట్లాడను? కాగితం తీసుకుని వచ్చేశాను.

నిన్ను తిట్టే నోరు నాకు లేదని తెలుసు. అయినా తిడతాను. ఇంకెవరిని తిట్టను?

ఊఁ, కత్తి తీసుకో. గట్టిపడ్డాక కోస్తే ముక్కలు విరిగిపోతాయి. పాపం, డైరెక్టర్లకి నష్టం.